చదివితే అరగాలి, మోస్తే కాదు: బ్యాగులో బైబిల్ కవరును కాపాడుకోవడం ఎలా?

మీ బైబిల్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని రెండు చోట్ల చూడండి. మొదటిది ఆకుల అంచు. కీర్తనల గ్రంథం దగ్గరో, సువార్తల దగ్గరో, మీరు ఎక్కువగా తెరిచే చోట అంచు కాస్త మాసి, మెత్తబడి ఉంటుంది. అది చదువు గుర్తు. రెండోది కవరు కింది మూలలు. అక్కడ రంగు పోయి లోపలి గుడ్డో అట్టో తెల్లగా బయటపడిందంటే అది బ్యాగు గుర్తు.

ఎవరైనా అడిగితే మాత్రం "చదివి చదివి అరిగిపోయిందండీ" అనేస్తాం. మా మామ్మ బైబిల్ ముప్పై ఏళ్లు రోజూ చదివినా దాని మూలలు చెక్కుచెదరలేదు. ఆవిడ దాన్ని తువ్వాల్లో చుట్టి, చంకలో పెట్టుకుని నడిచి గుడికి వెళ్లేది. నా బైబిల్ రెండేళ్లకే మూలలు పోగొట్టుకుంది. అది తాళాల గుత్తి, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బాతో కలిసి బస్సులో తిరిగింది మరి.

మన అనకాపల్లి కాంప్లెక్స్‌లో బస్సెక్కి విశాఖపట్నం దిగేసరికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఆ దారిలో బ్రేకు పడిన ప్రతిసారీ, చక్రం గతుకులో దిగిన ప్రతిసారీ, బ్యాగులో పుస్తకం వెంట్రుకవాసి కదులుతుంది. ఒక్కో కదలిక లెక్కలోకి రాదు. ఏడాదికి యాభై రెండు ఆదివారాలు, మధ్యలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలు, గృహకూటాలు కలిపితే మాత్రం అదే గరుకు కాగితంతో రుద్దినంత పని చేస్తుంది. అందుకే ఈ వ్యాసంలో చెప్పే మెట్లన్నిటికీ సూత్రం ఒకటే: పుస్తకం కదలకూడదు, కదిలినా గట్టి వస్తువు తగలకూడదు.

తెలుగు బైబిల్‌కి ప్రయాణం కొత్త కాదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో అక్కడ సువార్తల అనువాదం సాగింది. ఇద్దరు మిషనరీలూ 1810 ముగిసేలోపే కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అంటే మన పక్క ఊళ్లో రాసింది బెంగాల్ దాకా వెళ్లి అక్కడ పుస్తకమైంది. అప్పటివి మూడు సువార్తలు. ఇప్పుడు మన బ్యాగులో ఉండేవి అరవై ఆరు గ్రంథాలు, వెయ్యి పేజీలు దాటిన బరువు. పల్చటి కాగితం దొంతర బరువంతా ఒక పల్చటి కవరు మీద, సన్నటి వెన్ను మీద వేలాడుతుంది. ఆ బరువును దృష్టిలో పెట్టుకునే పని మొదలుపెడదాం.

కావలసినవి

- దళసరి గుడ్డ: పాత జీన్స్ ప్యాంటు కాలు గానీ, కాన్వాసు గుడ్డ గానీ
- మెత్తటి నూలు గుడ్డ: ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర అయితే శ్రేష్ఠం
- పల్చబడిన పాత తువ్వాలు ఒకటి
- గజంపావు నూలు నాడా
- టేపు, కత్తెర, సూది దారం లేదా కుట్టుమిషను
- వానకాలానికి జిప్ ఉన్న మందపాటి ప్లాస్టిక్ సంచి ఒకటి

కొత్తగా కొనాల్సినవి నాడా, ప్లాస్టిక్ సంచి మాత్రమే. మిగతావి ఇంట్లోనే దొరుకుతాయి.

మొదటి మెట్టు: కవరు ఏ రకమో గుర్తుపట్టండి

మనం అన్నిటినీ "రెక్సిన్" అనేస్తాం గానీ బైబిల్ కవర్లలో నాలుగైదు రకాలున్నాయి. ఒక్కోటి ఒక్కోలా పాడవుతుంది.

గట్టి అట్ట కవరు: లోపల దళసరి అట్ట, పైన కాగితమో కాలికో గుడ్డో ఉంటుంది. దీనికి ప్రమాదం మూలల దగ్గర. ఒకసారి కింద పడితే మూల నలిగి, అట్ట పొరలు పొరలుగా విడిపోతుంది.

వినైల్ రెక్సిన్: గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. నీటిచుక్కలకు తట్టుకుంటుంది, వేడికి తట్టుకోదు. వేడెక్కితే మెత్తబడి, పక్కనున్న మరో ప్లాస్టిక్‌కి అతుక్కుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని జిగటగా, కొన్ని బిరుసుగా మారతాయి.

పీయూ తోలు: చేతికి అసలు తోలులాగే మెత్తగా తగులుతుంది. పాతబడితే పైపొర పొలుసులుగా రాలి, నల్లటి తునకలు బట్టలకు అంటుకుంటాయి. దీనికి అసలు శత్రువు గాలిలోని చెమ్మ. చెమ్మ ఆ పూతను మెల్లమెల్లగా విడగొడుతుంది. అందుకే "వాడకుండా బీరువాలోనే దాచాను, అయినా ఎందుకు రాలింది?" అని చాలామంది ఆశ్చర్యపోతారు.

తోలుపొట్టుతో చేసిన కవరు: తోలు తునకలను జిగురుతో కలిపి షీటులా పరిచి, పైన పూత పూస్తారు. మడత పడే చోట, అంటే వెన్నుకు రెండు పక్కలా, ముందుగా పగుళ్లు వస్తాయి.

అసలు తోలు: బాగా చూసుకుంటే అన్నిటికంటే ఎక్కువకాలం బతుకుతుంది. చెమ్మలో వదిలేస్తే బూజు పడుతుంది.

మీది ఏదో తేలకపోతే కవరు మడత దగ్గర దగ్గరగా చూడండి. తెల్లగీతలు కనిపిస్తే గట్టి అట్ట లేదా వినైల్, పొలుసులు లేస్తుంటే పీయూ, పీచు కనిపిస్తే తోలు. అంత మాత్రం తెలిస్తే చాలు.

రెండో మెట్టు: బ్యాగును బల్ల మీద కుమ్మరించండి

ఇది కాస్త సిగ్గుపడే పనే, అయినా చేయండి. గుడికి తీసుకెళ్లే బ్యాగును పూర్తిగా ఖాళీ చేసి, లోపలున్న వస్తువులను మూడు కుప్పలు పెట్టండి.

గీరేవి: తాళాల గుత్తి, చిల్లర నాణేలు, పెన్ను, జడపిన్నులు, ఫోను ఛార్జరు పిన్ను, స్టీలు టిఫిన్ డబ్బా అంచు. బ్యాగు లోపలి జిప్ పళ్లను మర్చిపోకండి, కవరు మీద వరసగా పడే సన్నటి గీతలు చాలావరకు వాటివే.

కారేవి: నీళ్ల సీసా, తడి గొడుగు, కూర డబ్బా, శానిటైజరు, చిన్న ప్రార్థన నూనె సీసా. వీటిలో నూనె మరీ మొండిది. నీటిమరక ఆరాక ముడతగా మిగులుతుంది. నూనె అలా ఆగదు, పల్చటి బైబిల్ కాగితంలో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పాకుతుంది.

అంటుకునేవి: పిల్లల చాక్లెట్లు, పళ్లు, మన ఊరి బెల్లం. వైజాగ్‌లో చుట్టాలింటికి వెళ్తూ అరకేజీ బెల్లం బ్యాగులో పడేయడం అనకాపల్లి వాళ్లకు అలవాటే. కాగితంలో చుట్టిన బెల్లం ఉక్కపోతకు చెమర్చి, కవరుకు అంటుకుని, వెనకే చీమల్ని పిలుస్తుంది. బెల్లానికి వేరే సంచి తీయండి.

గీరేవన్నీ ఒక చిన్న జిప్ పర్సులో వేయండి. కారేవి బ్యాగు బయటి జేబులోకి మార్చండి. బయటి జేబు లేకపోతే సీసాను నిలువుగా, బైబిల్‌కి ఎదురు చివర పెట్టండి. ఇంకేమీ చేయకుండా ఈ ఒక్క మెట్టు దగ్గర ఆగినా సగం పని అయినట్టే.

మూడో మెట్టు: బైబిల్ పొట్ట తగ్గించండి

ఇప్పుడు బైబిల్‌ని తెరిచి మెల్లగా దులపండి. ఏమేం రాలుతున్నాయి? పోయిన క్రిస్మస్ కార్యక్రమ పత్రం, కానుక కవర్లు రెండు, పెళ్లి శుభలేఖ, మనవడి పాస్‌పోర్టు ఫొటో, ఎండిన పువ్వు, వాగ్దాన కార్డులు పదో పన్నెండో.

ఇవన్నీ లోపల ఉంటే పుస్తకం మధ్యలో ఉబ్బుతుంది. ఉబ్బిన పుస్తకం మీద కవరు సాగుతుంది, వెన్ను పక్క మడతలు బిగుసుకుంటాయి. జిప్ కవరు అయితే ఇంకా కష్టం. లాగి లాగి జిప్ మూయడంతో మొదట కుట్లు తెగేది మూల మలుపులోనే.

గుర్తుకోసం ఒక రిబ్బను, ఒకటి రెండు పల్చటి కాగితపు గుర్తులు ఉంచండి. మిగతావి ఇంట్లో ఒక కవరులో పెట్టి దాచుకోండి. కీర్తనల పుస్తకాన్ని, నోటుబుక్కును బైబిల్ మడతలో దూర్చే అలవాటుంటే మానేయండి. పెన్నును జిప్ కవరులో పెట్టి మూయడం కూడా వద్దు. దాని ఆకారంలో గుంట పడుతుంది, సిరా కారితే అంతే సంగతులు.

జిప్ బిగుసుకుపోతుంటే బలంగా లాగకండి. పళ్ల మీద కొవ్వొత్తి ముక్కతో రెండుసార్లు రుద్ది, మెల్లగా ముందుకీ వెనక్కీ నడపండి.

నాలుగో మెట్టు: కొలత తీయండి

బైబిల్‌కి దిండు గలేబులాంటిది కుట్టబోతున్నాం. మార్కెట్లో దొరికే రెడీమేడ్ బైబిల్ కవర్లు మంచివే, కానీ తెలుగు బైబిళ్లు ఒక్కో సైజులో ఉంటాయి. పెద్ద కవరులో చిన్న బైబిల్ పెడితే పుస్తకం లోపలే అటూ ఇటూ దొర్లుతుంది. మనం తప్పించాలనుకున్నది సరిగ్గా ఆ దొర్లుడునే. ఇంట్లో కుట్టుకుంటే కొలత మన చేతిలో ఉంటుంది.

పుస్తకాన్ని మూసి, టేపుతో మూడు కొలతలు తీయండి: పొడవు, వెడల్పు, మందం. మెత్తటి కవరు ఆకుల కంటే బయటికి పొడుచుకొచ్చి ఉంటే, ఆ బయటి అంచు దగ్గరే కొలవండి.

ఉదాహరణకు మీ బైబిల్ పొడవు 8½ అంగుళాలు, వెడల్పు 5½, మందం 1½ అనుకుందాం.

గుడ్డ వెడల్పు: పుస్తకం వెడల్పు 5½, మందం 1½, వదులు 1½, కుట్టుకు రెండు పక్కలా కలిపి 1. మొత్తం 9½ అంగుళాలు.

గుడ్డ పొడవు: ముందు వైపు 8½, అడుగు 1½, వెనక వైపు 8½, పైన 1½, మూత 4, వదులు 1, కుట్టుకు 1. మొత్తం 26 అంగుళాలు.

అంటే 26 అంగుళాల పొడవు, 9½ అంగుళాల వెడల్పు ఉన్న మూడు ముక్కలు కావాలి. దళసరి గుడ్డది ఒకటి, తువ్వాలుది ఒకటి, మెత్తటి నూలుది ఒకటి. మీ బైబిల్ కొలతలు వేరైతే ఇదే లెక్కలో అంకెలు మార్చుకోండి. కత్తిరించే ముందు గుడ్డలు ఒకసారి ఉతికి ఆరేయండి. కుట్టాక ఉతికితే కుదించుకుపోయి పుస్తకం పట్టదు.

ఐదో మెట్టు: గలేబు కుట్టండి

1. దళసరి గుడ్డను మంచి వైపు పైకి ఉండేలా బల్ల మీద పరవండి. నాడాను సగానికి మడిచి, మడత భాగాన్ని గుడ్డ పొట్టి అంచు మధ్యలో ఆనించి, మిగతా నాడాను గుడ్డ లోపలికి చుట్టి పిన్ను పెట్టండి. ఇదే తర్వాత మూత అంచవుతుంది.

2. దాని మీద మెత్తటి నూలు గుడ్డను మంచి వైపు కిందికి ఉండేలా వేయండి. ఆ పైన తువ్వాలు ముక్క వేయండి. మూడు పొరలూ కదలకుండా అక్కడక్కడా పిన్నులు గుచ్చండి.

3. చుట్టూ అర అంగుళం లోపలికి కుట్టు వేయండి. నాడా లేని చివర దగ్గర, పొడవాటి అంచులో నాలుగు అంగుళాలు మాత్రం కుట్టకుండా వదిలేయండి.

4. మూలల దగ్గర ఎక్కువైన గుడ్డను ఏటవాలుగా కత్తిరించండి. కుట్టు తెగకుండా చూసుకోండి.

5. వదిలిన సందులోంచి గుడ్డను తిరగేయండి. దళసరి గుడ్డ బయటికి, నూలు గుడ్డ లోపలికి వస్తాయి, తువ్వాలు మధ్యలో ఉండిపోతుంది, నాడా మూత చివర బయటపడుతుంది. సందు అంచుల్ని లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి. ఇప్పుడు మీ దగ్గర 25 అంగుళాల పొడవు, 8½ అంగుళాల వెడల్పు ఉన్న పట్టీ ఉంటుంది.

6. నాడా లేని చివరను నూలు గుడ్డ లోపల ఉండేలా 9½ అంగుళాలు పైకి మడవండి. జేబు తయారైంది. పైన మిగిలిన 6 అంగుళాలు మూత.

7. జేబు రెండు పక్కలా పావు అంగుళం లోపల నుంచి గట్టిగా కుట్టండి. మూడో దశలో వదిలిన సందు ఈ కుట్టుతోనే మూసుకుపోతుంది. జేబు నోటి దగ్గర రెండు మూడుసార్లు వెనక్కీ ముందుకీ కుట్టండి, చిరిగేది అక్కడే.

బైబిల్‌ని అడుగు అంచు కిందికి ఉండేలా జేబులోకి దించి, మూత మూసి, నాడా రెండు కొసల్ని వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెచ్చి ముడి వేయండి. పుస్తకం లోపల బిగువుగా కూర్చోవాలి. అయితే దించేటప్పుడు కవరు మూలలు మడతపడేంత బిగువు పనికిరాదు.

బొత్తామో, జిప్పో, వెల్క్రోనో పెట్టొచ్చుగా అంటారేమో. లోహపు బొత్తాం అదే చోట రోజూ నొక్కి గుంట చేస్తుంది. జిప్ పళ్లు గీరుతాయి. వెల్క్రో మెత్తటి గుడ్డనూ, ప్రార్థన నిశ్శబ్దాన్నీ రెండిటినీ చింపుతుంది. నాడాతో ఆ బాధలేవీ లేవు.

కుట్టు రాకపోతే ఈ కొలతలు కాగితం మీద రాసి, గుడ్డలతో సహా వీధి చివర టైలరుకి ఇవ్వండి. ఈలోపు మామ్మ పద్ధతి ఉండనే ఉంది. తువ్వాలును బల్ల మీద పరిచి, బైబిల్‌ని ఐమూలగా మధ్యలో పెట్టి, నాలుగు కొసల్నీ ఒకదాని మీద ఒకటి మడిచి, ఆఖరి కొసను మడతలోకి దోపండి. ముడి వేయకండి, ముడి ఉన్నచోట ఒత్తిడి పడుతుంది.

ఆరో మెట్టు: బ్యాగులో పుస్తకానికి స్థిరమైన చోటు ఇవ్వండి

గలేబు తొడిగి బ్యాగులో పడేస్తే పని సగమే అయినట్టు.

వీపు బ్యాగు అయితే బైబిల్‌ని మీ వీపుకు ఆనే గోడ వైపు, చదునుగా ఆనించి పెట్టండి. బ్యాగులో అన్నిటికంటే తక్కువ కదిలే చోటు అదే. చేతిసంచి, భుజం సంచి అయితే వెన్ను కిందికి వచ్చేలా నిలబెట్టండి. ఆకులు తెరుచుకునే వైపు మాత్రం ఎప్పుడూ కిందికి ఉండకూడదు. అలా పెడితే ఆకుల బరువంతా వేలాడి, వెన్ను దగ్గర అతుకును లాగుతుంది. మొదట్లో తెలియదు, కొన్నాళ్లకు కవరు ఊగడం మొదలవుతుంది.

బ్యాగు అడుగు పల్చగా ఉంటే దళసరి అట్ట ముక్కను ఆ సైజుకి కత్తిరించి పరవండి. బ్యాగు కింద పెట్టినప్పుడల్లా దెబ్బ తగిలేది అడుగు మూలలకే. బైబిల్ పక్కన ఖాళీ మిగిలితే చున్నీనో, మడిచిన తువ్వాలో కూరండి. ఇక్కడ బిగువు మంచిదే, కానీ పుస్తకం వంగేంత కుక్కకూడదు. మెత్తటి కవరు బైబిల్ ఒకసారి వంపు తిరిగితే మళ్లీ చదును కావడం కష్టం.

బండి మీద వెళ్లేవాళ్లకు ఒక మాట. స్కూటీ సీటు కింద డిక్కీ భద్రమైన చోటులా కనిపిస్తుంది. వేసవిలో ఆరాధన ముగిసేదాకా ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆ వేడికి వినైల్ మెత్తబడుతుంది, వెన్ను జిగురు వదులవుతుంది. వానలో సీటు సందులోంచి నీళ్లు కూడా కారొచ్చు. బైబిల్ మీ భుజాన ఉండడమే మేలు.

రోజూ ఆఫీసుకో కాలేజీకో వెళ్తూ దారిలో చదువుకునే అలవాటుంటే, పెద్ద బైబిల్‌ని ఇంట్లో ఉంచి చిన్న జేబు కొత్త నిబంధన ఒకటి బ్యాగులో పెట్టుకోండి. తక్కువ బరువున్న పుస్తకం తక్కువ అరుగుతుంది.

ఏడో మెట్టు: వాన, ఉక్క

మన జిల్లాలో జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబరు వచ్చేసరికి ఈశాన్య వానలు, వాటితోపాటు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఇళ్లలో ఉన్న పుస్తకాలకే దిక్కులేకపోయింది, బ్యాగులో పుస్తకాల సంగతి చెప్పాలా?

వాన రోజున గలేబుతో సహా బైబిల్‌ని జిప్ ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. క్రమం ముఖ్యం: పుస్తకం, దాని మీద గుడ్డ, ఆ పైన ప్లాస్టిక్. ప్లాస్టిక్ నేరుగా వినైల్ కవరుకు తగిలితే వేడికి అతుక్కుంటుంది. ఇల్లు చేరగానే ప్లాస్టిక్ తీసేయండి. లోపల చిక్కుకున్న చెమ్మకు బయటికి దారి ఉండాలి.

చెమ్మ సంగతి అనకాపల్లి వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వానకాలంలో వంటింట్లో బెల్లం ముక్క చూడండి. పైన నీరు తేలి, చేతికి జిగటగా తగులుతుంటే గాలిలో చెమ్మ ఎక్కువైనట్టే. ఆ రోజుల్లో పీయూ కవరు, తోలు కవరు కూడా అదే గాలి పీలుస్తుంటాయి. బెల్లం చెమర్చే కాలంలో బైబిల్‌ని గోడకు ఆనించిన బీరువా అడుగు అరలో మూసిపెట్టకుండా, గాలి తగిలే బల్ల మీద ఉంచండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచుకుంటే, బైబిల్ పెట్టే డబ్బాలో రెండు వేయొచ్చు. అవి పిల్లల చేతికి అందకుండా చూసుకోండి.

ఎనిమిదో మెట్టు: ఇంటికొచ్చాక ఐదు నిమిషాలు

బైబిల్‌ని గలేబులోంచి తీసి, పొడి నూలు గుడ్డతో కవరు తుడవండి. చేతి చెమట, తలనూనె అంటిన వేళ్ల గుర్తులు అప్పుడే తుడిస్తే పోతాయి. వినైల్ మీద మరక ఉంటే గుడ్డను తడిపి, గట్టిగా పిండి, ఆ చెమ్మతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి ఒత్తండి. అసలు తోలు మీద నీళ్లు వద్దు.

కవరు మీది బంగారు అక్షరాలను రుద్దకండి. అవి వేడితో అద్దిన పల్చటి రేకు. శానిటైజరు ఆరని చేత్తో పట్టుకుంటే అందులోని స్పిరిట్‌కి చెరిగిపోవచ్చు. చేతులు ఆరాకే బైబిల్ ముట్టుకోండి.

గలేబును నెలకోసారి ఉతికి, పూర్తిగా ఆరాకే మళ్లీ తొడగండి.

ఒకవేళ తడిసిపోతే

కంగారుపడి ఎండలో పెట్టకండి, ఇస్త్రీపెట్టె తీయకండి. ఎండకు కవరు వంకర తిరుగుతుంది, ఇస్త్రీకి వినైల్ కరుగుతుంది. పైనీటిని గుడ్డతో అద్ది తీయండి, రుద్దొద్దు. కవరుకీ ఆకులకీ మధ్య తెల్లకాగితం పెట్టి, కాసేపటికోసారి మార్చండి. వార్తాపత్రిక పెడితే సిరా అంటుకుంటుంది. పుస్తకాన్ని కొద్దిగా తెరిచి, నిలువుగా ఫ్యాను గాలికి నిలబెట్టండి. అతుక్కున్న ఆకుల్ని బలవంతంగా విడదీయకండి, ఆరేకొద్దీ అవే విడతాయి. రెండు రోజుల్లోగా ఆరకపోతే బూజు మొదలవుతుంది కాబట్టి రాత్రి కూడా ఫ్యాను ఆపొద్దు. బాగా ఆరాక చదునైన బరువు కింద రెండు మూడు రోజులు ఉంచితే ముడతలు కొంత తగ్గుతాయి.

ఇప్పటికే అరిగి ఉంటే

గట్టి అట్ట మూల పొరలుగా విడిపోతే, అగ్గిపుల్ల కొసతో కొద్దిగా ఫెవికాల్ పొరల మధ్య పూసి, రెండు వైపులా ప్లాస్టిక్ కాగితం ముక్క, దాని మీద అట్ట ముక్క పెట్టి, బట్టల క్లిప్పుతో ఒక రాత్రంతా బిగించండి. పొద్దుటికి మూల మళ్లీ గట్టిపడుతుంది.

వెన్ను ఊడితే సొంతంగా చేయకండి, బైండింగు షాపుకి తీసుకెళ్లండి. అక్కడ మూడు మాటలు ముందే చెప్పండి. పక్క కుట్టు వేయొద్దని మొదట చెప్పండి. వెన్ను పక్కన రంధ్రాలు పొడిచి కుట్టేస్తే పుస్తకం గట్టిగా ఉంటుంది గానీ పూర్తిగా తెరుచుకోదు, లోపలి వైపు అక్షరాలు మడతలో మునిగిపోతాయి. ఆకుల అంచులు కత్తిరించొద్దని రెండో మాటగా చెప్పండి. బంగారు అంచు, గ్రంథాల పేర్లు చూపే వేలి గాట్లు ఆ కత్తికి పోతాయి. ఇక మూడోది, ముందున్న కాగితాలు తీసేయొద్దని. ఎన్నో ఇళ్లలో పెళ్లి తేదీలు, పిల్లల పుట్టినరోజులు, పెద్దలు కన్నుమూసిన తేదీలు రాసి ఉండేది ఆ తెల్లకాగితాల మీదే. అవి ఒకసారి పోతే మళ్లీ రావు.

ఇవి మాత్రం చేయకండి

- కవరు మీద నేరుగా సెల్లోటేపు అంటించకండి. కొన్నాళ్లకు జిగురు కారి దుమ్ము పడుతుంది, తీయబోతే పైపొర ఊడొస్తుంది.
- జూన్‌లో పిల్లల పుస్తకాలకు వేసినట్టు అట్ట వేయాలంటే గట్టి కవరుకు మాత్రమే వేయండి, టేపు అట్టకే అంటాలి, కవరుకు కాదు. మెత్తటి కవరుకు బిగుతుగా అట్ట వేస్తే అంచులు వంగిపోతాయి.
- మెరుపు కోసం కొబ్బరినూనె రాయకండి. దుమ్ము పట్టి, ముక్కవాసన వచ్చి, ఆకుల అంచులకు పాకుతుంది. తోలు కవరుకు రాయాల్సి వస్తే రంగులేని తోలు క్రీము చాలా కొద్దిగా, ఏడాదికి ఒకటి రెండుసార్లు.
- పెట్రోలు, స్పిరిట్, గోళ్లరంగు తీసే ద్రవం దగ్గరికి రానీయకండి.
- బ్యాగులో బైబిల్ మీద టిఫిన్ డబ్బా పెట్టి, ఆ బ్యాగును బస్సు సీటు కిందికి తోయకండి.

పరీక్ష

గలేబు కుట్టి, బ్యాగు సర్ది, నాలుగు ఆదివారాలు మామూలుగా తిరగండి. ఐదో వారం గలేబును వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక మూల దగ్గర జీన్స్ గుడ్డ కాస్త తెల్లబడి ఉండొచ్చు. ఒక పక్క నూలు పోగు లేచి ఉండొచ్చు. అవి ఏ వస్తువుకు ఎదురుగా వచ్చాయో గుర్తు తెచ్చుకుని, ఆ వస్తువును బ్యాగులో ఇంకో చోటికి మార్చండి. గుడ్డ మీద పడిన ప్రతి మరకా, లేచిన ప్రతి పోగూ మీ బైబిల్ కవరు మీద పడాల్సింది. గుడ్డ చిరిగితే ఇంకో పాత ప్యాంటు కాలు కత్తిరిద్దాం.